బాప్తిస్మపు తొట్టిలో పన్నెండు కొర్రమట్టలు

ప్లాస్టిక్ కుర్చీల మీద నాకొక ఫిర్యాదు ఉంది. చిన్నదే. ఏప్రిల్ మధ్యాహ్నం వాటిలో పావుగంట కూర్చుని లేస్తే కుర్చీ కూడా మనతోపాటు లేస్తుంది. నలుగురిలో అలా లేవడం మర్యాదగా ఉండదు. అంతకుముందు ఎంత గంభీరమైన మాట మాట్లాడినా, వెనక్కి తిరిగి కుర్చీని విడిపించుకుంటున్న మనిషినే అందరూ గుర్తుపెట్టుకుంటారు. మా చర్చి కమిటీ గదిలో అలాంటివి పదకొండు ఉన్నాయి. నేను ఆ సంఘానికి కార్యదర్శిని. నన్ను ఎన్నుకున్నారు అనడం కంటే, ఎన్నిక రోజున నేను ఊళ్ళో లేను అనడం నిజానికి కాస్త దగ్గరగా ఉంటుంది. ఆ కుర్చీల్లో కూర్చుని చాలా తీర్మానాలు రాశాను. గేటుకు రంగు, మైకుకు మరమ్మతు, ఇలాంటివి. చేపల గురించి మాత్రం ఒక్కటే రాశాను.

దాని సంగతి చెప్పాలంటే ముందు మా ఇంటి గేటు దగ్గరికి రావాలి.

మేము పద్మారావు నగర్‌లో ఉంటాం. మా అమ్మ టీచరు ఉద్యోగం మీద బందరు వైపు నుంచి సికింద్రాబాదు వచ్చి, ఇక్కడే పనిచేసి, ఇక్కడే రిటైరైంది. భాషలో, కూరల్లో, కోపంలో ఈ ఊరికి చాలావరకు అలవాటుపడింది. చేపంటే సముద్రపు చేపే అన్న నమ్మకం మాత్రం అప్పట్లో రైల్లో తెచ్చుకున్నదే, ఇంకా దింపలేదు. ఆ నమ్మకాన్ని వారానికి మూడుసార్లు పరీక్షించడానికి బోయిగూడ నుంచి ఒక చేపలావిడ తట్ట నెత్తిన పెట్టుకుని వస్తుంది. నేను కాలేజీలో చదువుకునే రోజుల నుంచీ వస్తోంది. ఇప్పుడు నేను కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఆవిడ తట్ట అదే, మా అమ్మ ప్రశ్న అదే.

"ఏమ్మా, ఏం తెచ్చావివాళ?"

"కొర్రమట్ట, పెద్దమ్మా. ఇంకా తోక ఆడిస్తున్నది సూడు."

"ఆడించనీ. చెరువు చేప ఎంత ఆడినా బురద వాసనే."

"నీ సముద్రం చేపకు ఐసు వాసన. గా చందువ సచ్చి ఎన్ని దినాలైందో దానికే యాది లేదు."

ఇలా కాసేపు ఒకళ్ళ నీళ్ళను ఒకళ్ళు తిట్టుకున్నాక మా అమ్మ ఆ కొర్రమట్టనే కొనేది. ముక్కలు కోయిస్తూ, "పిల్లలు తింటారని తీసుకుంటున్నా" అనేది. ఆ పిల్లల్లో నేనొకణ్ణి. నాకిప్పుడు నడినెత్తిన జుట్టు లేదు.

ఆ ఏప్రిల్లో ఒకరోజు ఆవిడ ఖాళీ తట్టతో వచ్చింది. అరుగు మీద కూర్చుంది. నన్ను పిలిచింది.

"సారూ, నువ్వు పిల్లలకు చేపల పాఠం చెప్తవంట గదా?"

డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతానని, అందులో చేపలు కూడా ఉంటాయని వినయంగా ఒప్పుకున్నాను.

"అయితే నీకు ఎరికుంటది. మంచి నీళ్ల తొట్టి ఏడనన్న ఉన్నదా? పెద్దది. మల్ల వానల దాక గావాలె."

అప్పుడు మొత్తం కథ చెప్పింది. ఆవిడ పుట్టిన ఊరు సిద్దిపేట వైపు. ఆ ఊరి చెరువు మీద బతికే మత్స్యకారుల సంఘానికి ఆవిడ తమ్ముడే అధ్యక్షుడు.

"మా చిన్నప్పుడు మృగశిరకు వాన పడితే మల్ల మృగశిర దాక చెరువుల నీళ్లుండె, సారూ. ఇప్పుడు వాన రాదు, రాదు, రాదు. వస్తే రెండు దినాల్లనే అంతా గుమ్మరిస్తది. చెరువు నిండి మత్తడి మీదికెల్లి దుంకుతది, చేపపిల్లలు సగం ఆ నీళ్లతోనే కొట్టుకపోతయి. ఉన్నయి పెద్దగయ్యే యాళ్లకు నీళ్లుండవు. నిరుడు ఎండకాలం చెరువు చాయ్ లెక్క కాగింది. ఒక్క పొద్దుల రవ్వలు, బొచ్చెలు అన్నీ నోళ్లు తెర్సుకొని మీదికొచ్చినయి. మావోళ్లు గట్టు మీద నిలబడి సూసుడే."

"ఏవీ మిగల్లేదా?"

"కొర్రమట్టలు మిగిలినయి. అడుగున బురదల పండుకున్నయి, మీదికొచ్చి గాలి మింగినయి, మల్ల పోయి పండుకున్నయి. వాటికేం పరేషాన్ లేదు."

తరువాత సంఘం వాళ్ళు కూర్చుని ఆలోచించారట. చెరువు నడుమ లోతుగా మడుగు తవ్వాలని, ఎంత ఎండినా అక్కడ నీళ్ళు నిలబడతాయని. వేలెడంత పిల్లలు వదిలితే పెరిగే వ్యవధి ఉండటం లేదు కాబట్టి ఇకమీద జానెడు పెరిగిన పిల్లలనే వదలాలని. అన్నిటికంటే ముఖ్యంగా, ఎక్కడినుంచో ఆలస్యంగా వచ్చే పిల్లల కోసం ఎదురుచూడకుండా, ఎండకు తట్టుకునే కొర్రమట్టల తల్లి చేపలను తామే కాపాడుకుని తమ చెరువులోనే గుడ్లు పెట్టించాలని.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. అంతకు నెల ముందే నేనొక సదస్సులో వాతావరణ మార్పు, మంచినీటి చేపల గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాను. ఏసీ హాలు. తెర మీద బాణాలు, వలయాలు. చివరికి నేను తేల్చింది కూడా దాదాపు ఇదే. కాకపోతే నాకు పద్దెనిమిది స్లైడ్లు పట్టింది, ఆవిడకు మూడు వేళ్ళు మడవడం సరిపోయింది. సదస్సులో అసలైన చర్చ మాత్రం భోజనాల దగ్గరే జరిగింది. అదీ చేప వేపుడు గురించి.

"మరి ఇబ్బందేమిటి?" అన్నాను.

"మడుగు సగం తవ్వంగనే బండ తగిలింది. ఉన్న గుంటల నీళ్లు ఇంక పది దినాలు ఉంటయేమో. తల్లి చేపలు పన్నెండున్నయి. మావోళ్లల్ల సగం మంది, ఎట్లైన సస్తయి, మృగశిరకు మంచి గిరాకి ఉంటది, అమ్ముకుందాం అన్నరు. నేను లేసి నిలబడ్డ. పట్నంల నల్లా నీళ్లున్నయి, నేను బతికిస్త, వానలు పడంగనే పన్నెండింటిని తెచ్చి మీ మడుగుల ఇడుస్త అన్న."

"వాళ్ళేమన్నారు?"

"ఆడిబిడ్డవు, వచ్చినవు, తిన్నవు, పట్నం పో, చెరువు ముచ్చట నీకెందుకు అన్నరు. మా తమ్ముడొక్కడే నా దిక్కున్నడు. ఇవి సస్తే సారూ, మల్ల మా ఊళ్లె తల్లి చేప అన్న మాట ఎవ్వడు ఎత్తడు. నన్ను సుత సంఘం కాడ నోరు తెర్వనియ్యరు."

ఆవిడ ఇంట్లో ఒకటే డ్రమ్ము ఉంది. అందులోంచే ఇంటిల్లిపాదీ ఒకరి వెనక ఒకరు స్నానం చేస్తారు. నేను మా ఇంటి నీళ్ళ సంపు వైపు చూశాను. నేను చూడటం మా అమ్మ చూసింది.

"తాగే నీళ్ళలో చేపలా? అదీ చెరువు చేపలా?"

సముద్రం చేపలైతే ఒప్పుకునేదేమో, అడగలేదు. అయితే సంపు మీద బెంగతో మా అమ్మే దారి చూపించింది. "మన చర్చి తొట్టి ఉందిగా. ఏడాది పొడుగునా ఖాళీగా పడి ఏడుస్తోంది."

మాది ముంచి బాప్తిస్మం ఇచ్చే సంఘం. చర్చి వెనక ఆవరణలో, రేకుల నీడ కింద, ఆరు మెట్లున్న సిమెంటు తొట్టి ఉంది. మనిషి నడుంలోతు నీళ్ళు పడతాయి. ఏడాదికి రెండు మూడు ఆదివారాలు తప్ప దానికి పనిలేదు. సంగతి కమిటీ ముందు పెట్టాను.

మొదట లేచింది రైల్వేలో పనిచేసి రిటైరైన సంఘ పెద్ద. ఆయన కుర్చీ ఆయనతోపాటే లేచింది, అయినా ఆయన ఆగలేదు. "సెక్రటరీగారూ, ఇది చర్చా, చేపల మార్కెట్టా? ఆత్మలు కడిగే తొట్టిలో చేపలు కడుగుతారా?"

"కడగం సార్, ఉంచుతామంతే. చేపలు వాటంతటవే శుభ్రంగా ఉంటాయి."

"ఆవిడ మన సంఘమేనా?"

"కాదండీ."

"చేపలు?"

నేను తీర్మానాల పుస్తకం తెరిచి తేదీ వేశాను. పాస్టరుగారు అంతవరకు కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆయన కమిటీలో అలా ఉంటే ప్రార్థన అనుకోవాలి. కళ్ళు తెరిచి, "మొదటి శిష్యుల్లో కొందరు చేపలు పట్టేవాళ్ళే కదండీ పెద్దగారూ. ఎన్నన్నారు? పన్నెండా? సంఖ్య కూడా బాగానే ఉంది" అన్నారు. జూన్ రెండో ఆదివారం బాప్తిస్మాలు ఉన్నాయి కాబట్టి అప్పటికి తొట్టి ఖాళీ చేయాలన్న షరతుతో తీర్మానం అయింది. రాసింది నేనే. "సంఘము యొక్క తొట్టిని తాత్కాలికముగా జలచరముల సంరక్షణకు" అని రాసుకుంటూ పోయాను. చేప అనే మాట ఎక్కడా పడకుండా జాగ్రత్తపడ్డాను.

చేపలు ట్రాలీ ఆటోలో రెండు డ్రమ్ముల్లో, పైన తడి గోనెసంచులతో వచ్చాయి. నల్లా నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, రెండు రోజులు ముందే పట్టి ఎండ తగలనిచ్చి ఉంచాలని నేను చెప్పాను. అలాగే ఉంచారు. నా చదువు పనికొచ్చిన మొదటి సందర్భం అది. ఆవిడ ఒక్కో చేపను రెండు చేతులతో, పసిపిల్లకు స్నానం చేయించేటట్టు పట్టుకుని, లెక్కపెడుతూ తొట్టిలోకి జార్చింది. మోచేతి పొడుగున్నాయి ఒక్కొక్కటి. నల్లటి ఒళ్ళు, పాము తల. నీళ్ళలోకి దిగగానే అడుగుకు పోయి, ఆ స్థలం ఎప్పటినుంచో తమదే అన్నట్టు పడుకున్నాయి.

మర్నాడు పొద్దున్నే చర్చి వాచ్‌మన్ ఫోను చేశాడు. "సార్, పాము! తొట్టికాడ మెట్ల మీద పాము! కర్ర తీస్కున్న సార్, కొట్టాల్నా?"

"కొట్టకు! అది ఎగిరి బయటపడ్డ చేప!"

"చేపకు గీ మొఖమేంది సార్?"

కొర్రమట్ట ఎగురుతుందన్న సంగతి పుస్తకంలోనూ ఉంది, నా నోట్సులోనూ ఉంది. నేను మర్చిపోయాను. రెజిమెంటల్ బజార్ వెళ్ళి నీడ కోసం కట్టే ఆకుపచ్చ నెట్టు కొనుక్కొచ్చి, తొట్టి గోడల మీదుగా, నీటికి మూరెడు పైన కట్టాను. అది చూసి పొరుగింటి పిల్లి ఒకటి సంతోషించింది. తన కోసమే ఉయ్యాల కట్టించామనుకుని, దాని మధ్యలో పడుకుని, కింద తిరిగే చేపలను రోజంతా చూసేది. మే నెల వచ్చేసరికి నెట్టు పిల్లి బరువుకి సాగింది. ఇలా కాదని నెట్టు విప్పి, గోడ లోపలి వైపు, నీటికి జానెడు ఎత్తులో ఉన్న కొక్కేలకు బిగించాను. పిల్లి ఇక దిగలేదు. నా ఇంజినీరింగ్ నాకే నచ్చింది.

ఇక్కడ ఒక పాఠం చెప్పక తప్పదు. క్లాసులో ఏటా చెబుతాను, పిల్లలు బొమ్మ వేసి మార్కులు తెచ్చుకుంటారు. కొర్రమట్టకు మొప్పల గాలి చాలదు. తలలో గాలి పట్టుకునే ప్రత్యేకమైన గది ఉంటుంది. కొద్ది నిమిషాలకొకసారి పైకి వచ్చి, నోటితో గాలి మింగి పోవాలి. అందుకే చెరువు కాగినా బతుకుతుంది. అందుకే పైకి రానివ్వకపోతే, చుట్టూ ఎన్ని నీళ్ళున్నా, మనిషిలాగే మునిగి చచ్చిపోతుంది. "ఈ ప్రశ్న పరీక్షలో వస్తుంది" అని నేను బల్ల చరిచి చెప్పేవాణ్ణి.

మే నెలలో నీళ్ళు ఎండకి తగ్గుతున్నాయి. నేను వాచ్‌మన్‌తో, "నల్లా వచ్చినప్పుడు తొట్టి కాస్త నింపుతుండు" అన్నాను. ఎంతవరకు అన్నది చెప్పలేదు. ఈ ఊళ్ళో అది చెప్పాల్సిన విషయమని నాకు తట్టలేదు. మా దగ్గర నల్లా రోజు మార్చి రోజు వస్తుంది. వచ్చిందంటే బిందె, బకెట్టు, డ్రమ్ము, కుక్కరు, చివరికి గ్లాసులు కూడా అంచుదాకా నిండాలి. అంచుకి వేలెడు తక్కువగా నల్లా కట్టేసేవాడు సికింద్రాబాదువాడు కాడు. ఆ వారం పైపులైను మరమ్మతని నాలుగు రోజులు నీళ్ళు రాలేదు. ఆదివారం పొద్దున్నే వచ్చాయి. వాచ్‌మన్ పైపు తొట్టిలో వేశాడు. నేను లోపల ఆరాధనలో ప్రకటనలు చదువుతున్నాను. వెనక ఆవరణలో నీళ్ళు పడుతున్న చప్పుడు విని, అమ్మయ్య, నీళ్ళొచ్చాయి అని తృప్తిపడ్డాను కూడా.

మధ్యాహ్నం, ఆదివారం బేరం ముగించుకుని, చేపలకు మేతగా కోడి పేగులు పట్టుకుని ఆవిడ వచ్చింది. మేము గుమ్మం దగ్గర నిలబడి ఒకరికొకరం వందనాలు చెప్పుకుంటున్నాం. వెనకవైపు నుంచి ఒక కేక వినబడింది. వెళ్ళి చూస్తే ఆవిడ చీరతోనే తొట్టిలో ఉంది. నెట్టు నీళ్ళ కింద అడుగు లోతున ఉంది. ఆవిడ చేపలు కోసే కత్తితో దాన్ని అడ్డంగా చీల్చుతోంది. నీళ్ళు అంచు మీదుగా తాపీగా పొర్లుతున్నాయి.

నాలుగు చచ్చిపోయాయి. ఎనిమిది మిగిలాయి. ఎలా మిగిలాయంటే, ఒక మూల నేను వేసిన ముడి ఊడిపోయి, నెట్టు పైకి తేలింది. ఆ సందులోంచి ఎనిమిదీ వంతులవారీగా మూతి పైకి పెట్టి గాలి మింగినట్టున్నాయి. నా చదువు నాలుగింటిని చంపింది. చేతకాని ముడి ఎనిమిదింటిని కాపాడింది.

నేను ఏదో చెప్పబోయాను. నెట్టు ఎత్తు, మొప్పలు, గాలిగది. తొట్టిలో నిలబడి ఆవిడ నావైపు చూసింది.

"చేపను నీళ్లల్ల ముంచి సంపినవా, సారూ?"

అని, చచ్చిపోయిన వాటిని మెట్ల మీద వరుసగా పెట్టింది. రెండింటి పొట్టలు గుడ్లతో నిండి ఉన్నాయి. ఆవిడ పక్కనే కూర్చుంది, తడి చీరతో.

"పన్నెండు అని చెప్పిన మావోళ్లకు."

ఆదివారం పట్టుచీరలో, గొడుగుతో మా అమ్మ వచ్చి నిలబడింది. చేపలను చూసింది. బురద వాసన సంగతి ఎత్తలేదు. "లేమ్మా, చీర మార్చుకో, జ్వరం వస్తుంది" అని మాత్రం అంది. ఆ నాలుగింటినీ అమ్మడానికి ఆవిడ ఒప్పుకోలేదు, వండటానికి మేము అడగలేదు. ఆవరణలో బొప్పాయి చెట్టు కింద పూడ్చాం. ప్రార్థన చేయాలా వద్దా అని పాస్టరుగారు ఒక నిమిషం తటపటాయించి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. అది చాలనిపించింది.

ఆవిడ అక్కడే నిలబడి తమ్ముడికి ఫోను చేసింది. ఎనిమిదే ఉన్నాయని చెప్పింది. అవతలి నుంచి చాలా మాటలు వచ్చాయి. "నల్లా నీళ్లు ఎక్కువొచ్చినయిరా. మనిషి తప్పేం లేదు" అంది. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను. అవి బాగానే ఉన్నాయి.

ఆనాటి నుంచి తొట్టి పాలనలో మార్పు వచ్చింది. నన్ను ఎవరూ తీసేయలేదు, కానీ ఎవరూ అడగడమూ లేదు. వాచ్‌మన్ గోడ మీద సుద్దముక్కతో గీత గీసి, నీళ్ళు అది దాటకుండా నల్లా దగ్గర కాపలా కూర్చునేవాడు. అంచుదాకా నింపకుండా ఆపడం అతనికి ఎంత కష్టంగా ఉందో ముఖంలో తెలిసేది. మా అమ్మ రోజూ సాయంత్రం వచ్చి ఎనిమిదింటినీ లెక్కపెట్టేది. ఇంటికొచ్చి, "ఉన్నాయి" అనేది. ఎవరు అడిగారని.

మృగశిర కార్తె వచ్చింది, వాన రాలేదు. ఆ రోజున ఈ ఊళ్ళో చేప తినని ఇల్లు ఉంటే అది ఇంగువ బెల్లం ఉండ మింగిన ఇల్లే. పొద్దున్నుంచీ చేపలావిడ చుట్టూ జనం. ఆవిడ దగ్గరున్నవి ఐసు పెట్టెల్లో దూరం నుంచి వచ్చిన చేపలు. కొర్రమట్ట కావాలన్నవాళ్ళందరికీ లేదని చెబుతోంది. ఆ సాయంత్రం రిటైర్డు రైల్వే పెద్దగారు నన్ను చర్చి గేటు దగ్గర పక్కకి తీసుకెళ్ళారు.

"సెక్రటరీగారూ, ఆ ఎనిమిదిలో ఒకటి కొంచెం నీరసంగా కనబడుతోంది."

"లేదే, బాగానే ఉందండీ."

"కాదు కాదు. అది ఎలాగూ నిలవదు. వృథా పోతుందే అని. మా ఇంట్లో ఆస్తమా ఉంది, మృగశిర నాడు చేప దానికి మందంటారు, మీకు తెలుసు కదా."

ఆ మాట మా అమ్మ చెవిన పడింది. "పెద్దగారూ, ఆత్మలు కడిగే తొట్టిలోంచి కూర వండుకుంటారా?" అంది. ఆయన ఆ నెలంతా ఆ తొట్టి వైపు రాలేదు.

రెండో ఆదివారం బాప్తిస్మాలు. వానల్లేవు, మడుగులో చెంబెడు నీళ్ళు లేవు. తీర్మానం ప్రకారం తొట్టి ఖాళీ చేయాలి. రాసినవాణ్ణి నేనే కాబట్టి కాదనడానికి లేదు. ఆవిడ పొద్దున్నే బేరం మానుకుని వచ్చి, చేపలను రెండు డ్రమ్ముల్లోకి మార్చి, తడి గోనెలు కప్పింది. ఈసారి సగం డ్రమ్మే నీళ్ళు. డ్రమ్ముల మధ్య కుర్చీ వేసుకుని, గొడుగు నీడ వాటి మీద పడేలా పట్టుకుని మా అమ్మ కూర్చుంది. పాత నీళ్ళు పాదుల్లోకి వదిలి, తొట్టి కడిగి, రెండు రోజులుగా చర్చి సంపులో పట్టి ఉంచిన కొత్త నీళ్ళు నింపారు. మొదట దిగాల్సిన ఆయన బ్యాంకులో ఆఫీసరు, భారీ మనిషి. మూడో మెట్టు మీద ఆగాడు.

"అన్నీ తీసేశారా అండీ?"

"అన్నీ తీశాం బాబూ" అన్నారు పాస్టరుగారు నీళ్ళలోంచి.

"లెక్కపెట్టారా?"

"ఎనిమిది!" అని డ్రమ్ముల దగ్గర నుంచి మా అమ్మ, చేపలావిడ ఒకేసారి అరిచారు. ఆయన దిగాడు. తెల్లటి బట్టల్లో అయిదుగురు దిగి, మునిగి, లేచారు. పాట అయిపోగానే ఎనిమిది చేపలు మళ్ళీ తొట్టిలోకి వెళ్ళాయి. ఆ రోజు ఆ నీళ్ళలో మునిగినవాళ్ళెవరికీ ఏమీ కాలేదు. చెప్పుకోదగ్గ సంగతే.

జూన్ ఆఖరున వాన వచ్చింది. వచ్చినది వచ్చినట్టు రెండు రోజుల్లో కుమ్మరించింది. తమ్ముడు ఫోను చేశాడట, బండను పగలగొట్టినంత మేరకు మడుగు నిండింది, తెమ్మని. ట్రాలీలో ఆవిడతోపాటు నేనూ ఎక్కాను. రమ్మని అనలేదు. వద్దని కూడా అనలేదు. దారంతా ఆవిడ డ్రమ్ము మీద చెయ్యి వేసి కూర్చుంది.

గట్టు మీద సంఘం వాళ్ళు పదిహేను మంది ఉన్నారు. ఒకాయన డ్రమ్ములోకి తొంగిచూసి, "పన్నెండన్నవు?" అన్నాడు.

"ఎనిమిది తెచ్చిన" అంది ఆవిడ. తలెత్తి నిలబడి, ఒక్కొక్కటే జార్చింది. తమ్ముడు వచ్చి పక్కన నిలబడ్డాడు. వాళ్ళకు నన్ను నేను పరిచయం చేసుకునే అవసరం రాలేదు. ఎవరూ అడగలేదు.

ఆగస్టులో ఒక పొద్దున్న ఆవిడ మా గేటు దగ్గర తట్ట దించకుండానే, "నడువు సారూ, ఒకటి సూపిస్త" అంది. మళ్ళీ ఆ ఊరు వెళ్ళాం. చెరువు మధ్య మడుగు అంచున, గడ్డి పక్కన, నీళ్ళ మీద ఎర్రగా ఒక ముద్ద కదులుతోంది. కుంకుమ చల్లినట్టుంది. దగ్గరికి వెళ్ళి చూస్తే కొర్రమట్ట పిల్లలు, వందల్లో, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, అన్నీ కలిసి పైకి వచ్చి గాలి మింగుతున్నాయి. వాటి కింద నీడలా తల్లి, తండ్రి కాపలా తిరుగుతున్నాయి. అవతల ఒడ్డున ఇంకో ముద్ద ఉంది. జూన్‌లో "పన్నెండన్నవు?" అని అడిగిన ఆయనే ఇప్పుడు గట్టు మీద గొంతుక్కూర్చుని కొంగలను రాళ్ళతో తోలుతున్నాడు. "అక్కా, సప్పుడు చెయ్యకుర్రి" అన్నాడు మాతో, పొలంలో పసిపాప నిద్రపోతున్నట్టు.

ఈ సందర్భానికి తగిన మాట ఒకటి అనాలనిపించింది. పిల్లలు పైకి వచ్చి గాలి మింగే వయసు గురించి, గాలిగది ఎప్పుడు ఏర్పడుతుందన్న దాని గురించి మొదలుపెట్టాను. ఆవిడ కాసేపు విన్నది. నీళ్ళ మీది నుంచి కళ్ళు తిప్పకుండానే అంది:

"వచ్చే ఎండకాలం సుత తెస్త, సారూ. నువ్వు మాత్రం తొట్టికాడికి రాకు."